లైన్‌మన్ చాచా విన్న గరగర

మా పాత పొరుగింటి లైన్‌మన్ చాచా పోయారని పోయిన శుక్రవారం నల్లగొండ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట.

తొంభైల చివర్లో అక్కడి పానగల్ రోడ్డులో మా ఇంటికీ ఆయన ఇంటికీ ఒకటే గోడ. టెలిఫోన్ తీగలు సరిచేసే కొలువు నుంచి అప్పటికే రిటైరయ్యారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. బొంబాయిలో ఒక ప్రెస్సులో పని. ఇంట్లో ఫోనున్నా వాడితో మాట్లాడలేం కదా, ఉత్తరాలే దిక్కు. వాళ్ళ ఆఫీసుకు ఈ-మెయిల్ వచ్చిందని వాడు రాయగానే నేను కంప్యూటర్ కొని, పత్రికతో పాటు ఇచ్చిన సీడీతో లినక్స్ వేసుకొని, నా ఈ-మెయిల్ చిరునామా వాడికి పంపాను.

ఫోన్ తీగ మీదే ఇంటర్నెట్. కంప్యూటర్ను తీగకు కలిపే మోడెం డబ్బా కీచుమనేది, కలిసేది, రెండు నిమిషాల్లో తెగేది. మూడు వారాలు సెట్టింగుల ఫైళ్ళు మార్చి మార్చి రాశాను. రెండుసార్లు లినక్స్ అంతా తీసేసి మళ్ళీ వేశాను. ఈలోగా తమ్ముడి ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయేది.

ఒక సాయంత్రం చాచా గోడ మీదుగా పలకరించారు. "ఏం బిడ్డా, గా డబ్బా రోజూ గట్ల ఒర్లుతాంది?"

సంగతి చెప్పాను.

"గా మిషను నాకు తెల్వది. తీగ తెల్సు," అంటూ వచ్చి, రిసీవర్ చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "జర గరగర ఉన్నది. మనిషి మాటకైతే నడుస్తది. నీ డబ్బాకు నడ్వది."

డాబా ఎక్కి తీగను వేళ్ళతో తడుముతూ నడిచారు. గోడలకు సున్నం వేయించినప్పుడు తెగితే నేనే ముడేసి వదిలేసిన చోట ఆగారు. రాగి చిలుమెక్కి పచ్చబడింది. గీకి, కొత్తగా ముడేశారు.

కనెక్షన్ నిలిచింది. అయినా ఒక్క పేజీ తెరుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ అన్నీ చెరిపేయబోతే చాచా ఆపారు.

"ఒక కొస నుంచి పట్టుకొని రా బిడ్డా. నడుమల దుంకకు. ఏడిదాక మంచిగున్నదో చూడు. గా తర్వాతదే ఖరాబు."

అలాగే చేశాను. మోడెం బాగుంది. అవతలి కంప్యూటర్‌ను నంబరుతో పిలిస్తే పలికింది, పేరుతో పిలిస్తే పలకలేదు. పేరు చెబితే నంబరు చెప్పే కంప్యూటర్ ఒకటుంటుంది. దాని చిరునామా నేను ఫైల్లో రాయనేలేదు. ఒక్క వరుస. రాశాను.

తమ్ముడి ఉత్తరాలు నాలుగు వచ్చి ఉన్నాయి. కాగితం మానేసి వాడు ఇందులోనే రాస్తున్నాడు. "అక్కా, నేను మంచిగున్న. నువ్వెందుకు జవాబియ్యవు?" అని చదివి వినిపిస్తే, అమ్మ కళ్ళు తుడుచుకుని చాచాకు చాయ్ పెట్టడానికి లేచింది.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో లెక్క తేలక బిక్కమొహం వేసిన ప్రతి విద్యార్థికీ, ఒక కొస నుంచి పట్టుకొని రమ్మన్న చాచా మాటే చెప్పాను. ఎవరి మాటో కూడా చెప్పాను.

ఆ ఏడాది దసరాకు తమ్ముడు ఇంటికి వచ్చాడు. చాచా వాడిని మా ఫోన్ దగ్గర కూర్చోబెట్టి, వాడి అరచేయి దాని మీద ఆనించి, తన ఇంటికి వెళ్ళి మా నంబరు తిప్పారు. గంట మోగింది, చేతి కింద ఫోను అదిరింది. తమ్ముడు ఉలిక్కిపడి చేయి తీసి, వెంటనే మళ్ళీ పెట్టాడు. వాడి ముఖం నిండా నవ్వు. నేను రిసీవర్ ఎత్తలేదు. గోడ అవతల ఆయనా ఫోన్ పెట్టెయ్యలేదు.