నీళ్ళ లారీ చాటు పాఠం

మద్రాసు పెరంబూరులో మా వీధికి పొద్దున్నే ఎండ కంటే ముందు ఒక వాక్యం వచ్చేది. బడి గోడ అవతల ముందుగా ఒక్క గొంతు, తడి దారంలా సన్నగా, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని ఇంగ్లీషులో అనేది. వెంటనే అరవై గొంతులు అదే మాటను రేకుల మీద వానలా కురిపించేవి. బండి మీద కొబ్బరి బొండాలు అమ్మే కార్తీ కత్తి పైకెత్తి, తనూ ఆ వాక్యం ఒకసారి చెప్పుకొని, అప్పుడు బొండాం కొట్టేవాడు. ఇస్త్రీ బండి ముసలాయన పెట్టె బొగ్గుల మీద ఊది, తనూ అనేవాడు. అందరి వంతూ అయ్యాక మా మేడల మీదికి నింపాదిగా ఎండ వచ్చేది.

ఆ సన్నని గొంతు మనిషి సాయంత్రం గొడుగుతో గేటు దాటి వచ్చేది. పేరు కోకిల. వీధి మొత్తానికీ కోకిల మిస్. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. ఇంగ్లీషు మాత్రం బడిలోనే ఉండేది, చాక్‌పీసుల డబ్బా పక్కన.

ఆమె పాఠానికి ఒకటే పద్ధతి. మిస్ చెప్పాలి, క్లాసు తిరిగి చెప్పాలి. ఆ బడిలో అందరూ అలాగే చెప్పారు, ఆమెకూ అలాగే చెప్పారు. అయితే ఆమె గొంతులో ఏముందో గానీ, ఆమె దగ్గర చదివినవాళ్ళకు పెద్దయినా ఆ అలవాటు పోలేదు. తొండియార్‌పేట పోవాలని ఆటో ఎక్కి చెబితే, డ్రైవరు హ్యాండిలు వదిలి చేతులు కట్టుకొని “తొండియార్‌పేట పోవాల” అనేవాడు. పక్క ఆటోలోంచి ఇంకెవరో అందుకొనేవారు. పళ్ళ డాక్టరు కూడా ఆమె శిష్యుడే. “మెల్లిగా పీకు నాయనా” అంటే, అతను పట్టకారు పక్కన పెట్టి, నిలబడి, “మెల్లిగా పీకు నాయనా” అని అప్పజెప్పాకే పీకేవాడు.

ఆమెకు యాభై దాటాక బడివాళ్ళు కొత్త నియమం పెట్టారు. ఇంగ్లీషు బోధనలో ఎం.ఏ. లేనివాళ్ళకు పదో తరగతి ఇవ్వరు. వాళ్ళు ఎల్.కే.జీ. పిల్లలతో పాటలు పాడించాలి.

“పదో తరగతి లేకపోతే నేను ఎవురిని?” అని మా మెట్ల మీద కూర్చుని అడిగింది. ఆ ప్రశ్నను మా ఇంట్లో ఎవరూ తిరిగి చెప్పలేకపోయాం.

శని, ఆదివారాల్లో టీచర్ల కోసం నడిపే ఎం.ఏ.లో చేరింది. చెప్పే లెక్చరరు ధన్య, విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయి, వయసులో ఆమెకు సగం. పిల్లలు సొంతంగా పలికే వాక్యం గురించి కోకిల మిస్ ఎంత అందంగా రాసిందంటే, ధన్య దాన్ని క్లాసులో చదివి వినిపించింది. కోకిల మిస్ అలవాటుగా, తిరిగి చెప్పండి అన్నట్టు చెయ్యి ఎత్తింది. గదిలో ఉన్న టీచర్లందరూ ఒక్క గొంతుతో తిరిగి చెప్పారు.

పరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ప్రాక్టికల్. సొంత బడిలో ఒక పాఠం చెప్పాలి, ధన్య వెనక బెంచీలో కూర్చుని చూస్తుంది. టీచరు ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. పిల్లలు ఎవరూ నేర్పని వాక్యాలు పలకాలి. మొదటిసారి ఒక్కటీ పలకలేదు. ఇక ఒక్క అవకాశం ఉంది. అదీ పోతే డిగ్రీ పోయినట్టే, పదో తరగతీ పోయినట్టే.

ఇంట్లో భర్త మురళీధర్‌ను కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టింది. ఆయన రైలు పెట్టెల ఫ్యాక్టరీలో రిటైరై, కిటికీ దగ్గర లోకల్ రైళ్ళను చూస్తూ ఉండేవాడు.

“నేను నోరు తెరవను. మీరే సొంతంగా ఏదన్నా చెప్పండి.”

“సొంతంగా ఏదన్నా చెప్పండి,” అన్నాడాయన.

“అయ్యో, నేను చెప్పింది కాదు సామీ. మీ మనసులోది.”

“మీ మనసులోది.”

“పెళ్ళయిన కాణ్ణించీ ఇట్టనే ఉండారా మీరు? నేనే గమనించలేదా? సరే, సొరకాయ కూర చేస్తా ఉండా.”

“సొరకాయ కూర చేస్తా ఉండా,” అన్నాడు మురళీధర్. ఈసారి గొంతు కొంచెం వణికింది.

ఆ రోజు వచ్చింది. ధన్య క్లాసులోకి వచ్చి, నేనిక్కడ లేననుకోండి అని ఇంగ్లీషులో పిల్లలతో అంది. నేనిక్కడ లేననుకోండి అని అరవై గొంతులు ఇంగ్లీషులో హామీ ఇచ్చాయి. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది. లేని కళ్ళద్దాలను అరవై మందీ తుడుచుకున్నారు. కోకిల మిస్ పెదాలు బిగించి, ‘మన వీధి’ అని బోర్డు మీద రాసి, మాట్లాడండి అన్నట్టు చేతులు చాపింది. క్లాసంతా చేతులు చాపింది. ఆమె నిట్టూర్చింది. క్లాసు నిట్టూర్పుకు గోడ మీది క్యాలెండరు లేచి, మూడు నెలలు తిరగేసుకొని, మళ్ళీ పడుకుంది. దూరంగా రైలు కూసింది. క్లాసు కూసింది. రైలు మర్యాదగా, కాస్త కింది శ్రుతిలో ఇంకోసారి కూసింది.

“ఏంటండీ ఇది?” అంది ధన్య, ఉండబట్టలేక.

“ఏంటండీ ఇది?” అన్నారు ఆ తమిళ పిల్లలు, అచ్చం విజయవాడ యాసలో.

కోకిల మిస్ కళ్ళు చెమర్చాయి. తను ఏడిస్తే బడి మునిగిపోతుందని భయపడి, చప్పున బయటికి నడిచింది. పిల్లలూ లేచి నడిచారు. వరండా, మైదానం, గేటు దాటారు. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. అరవై సెల్యూట్లు తిరిగొచ్చేసరికి పాపం స్టూలు మీద కూలబడ్డాడు. మా ఇంటి ముందు నీళ్ళ లారీ ఆగి ఉంది, అడుగున సన్నగా కారుతూ. ఎటు పోవాలో తోచక ఆమె దాని చాటుకు వెళ్ళి నిలబడింది.

మిస్ కనబడకపోయేసరికి క్లాసు వీధి మధ్యలో ఆగిపోయింది. తిరిగి చెప్పడానికి ఏమీ లేదు. చూసి చెయ్యడానికి ఎవరూ లేరు. ఇంగ్లీషు పీరియడు మాత్రం ఇంకా అయిపోలేదు.

శ్రీప్రియ అనే పిల్ల కిందికి వంగి చూసింది. లేచి, ఇంగ్లీషులో, “లారీ మన మిస్ చెప్పులు వేసుకుంది,” అంది.

ఎవరూ తిరిగి చెప్పలేదు. అలవాటుగా కత్తి ఎత్తిన కార్తీ, గాలిలోనే దాన్ని ఆపి ఎదురుచూశాడు.

“అవి డ్రైవర్ చెప్పులు,” అన్నారు ఎవరో.

“అంత చిన్న పాదాలతో బ్రేకు ఎలా తొక్కుతాడు?”

“మిస్ కరిగిపోయింది. ట్యాంకులో ఉంది.”

“అయితే సాయంత్రం మా బిందెలోకి వస్తుంది.”

“మీ బిందెలోకి ఎందుకు? మాకు పెద్ద డ్రమ్ము ఉంది!”

అంతా ఇంగ్లీషే. తప్పులున్నాయి, గొడవలున్నాయి, ఒక్కటీ ఇంతకు ముందు ఎవరూ అన్నది కాదు. పరుగున వచ్చిన ధన్య ఎవరిని వినాలో తెలియక చుట్టూ తిరుగుతోంది. అప్పుడే లారీ కదిలింది. కోకిల మిస్ నడుం వంచి దాని పక్కనే నడిచింది. చీర అంచు తడుస్తున్నా, చక్రాల వేగంతో అడుగులు కలుపుతూ, ఊపిరి బిగబట్టి వింటూ వీధి చివరిదాకా వెళ్ళింది. వెనక క్లాసు బిందె గురించి పోట్లాడుతూ నడిచింది.

మలుపులో లారీ వెళ్ళిపోయింది. ఎండలో ఆమె ఒక్కతే మిగిలింది. పిల్లలు టక్కున ఆగారు. ఆమె సంతోషంతో నోరు తెరిచింది. అరవై నోళ్ళు తెరుచుకున్నాయి. గబుక్కున గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

“పాసయ్యారండీ,” అంది ధన్య ఆయాసపడుతూ. “కాకపోతే, పాఠం జరిగేటప్పుడు మీరెక్కడున్నారని రాయమంటారు?”

“లారీ చాటున అని రాయండి మేడం,” అంది గొడుగు.

“సగం మార్కులు లారీకి ఇవ్వాలేమోనండీ!”

పదో తరగతి ఆమెకే ఉండిపోయింది. కానీ ఆమె కనబడితే చాలు క్లాసు మూగబోతుంది, పెదవి కదిలితే అదే కదలిక అరవై పెదవుల మీద. అందుకని రోజూ పాఠానికి విషయం బోర్డు మీద రాసి, పిల్లలను వీధిలోకి తీసుకొచ్చి తను మాయమవుతుంది. ఇప్పుడు మా వీధికి ఆ తడి దారం గొంతు రావడం లేదు. ఎవరూ చెప్పకుండానే సూర్యుడు రావాల్సి వస్తోంది, ఒక్కోరోజు ఆలస్యమవుతోంది కూడా. కార్తీ ఒక్కో బొండానికి ఒక్కో కొత్త మాట అంటున్నాడు. ఓ సాయంత్రం కంచం ముందు కూర్చున్న మురళీధర్, “కోకిలా, నాకు సొరకాయ పడదు,” అన్నాడు. ఆమె గరిటె పట్టుకునే మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. “ఆయన మాట్లాడినాడే!” అని నవ్వింది, ఏడ్చింది, ఆయన కోసం మా ఇంట్లో బెండకాయలు అడిగి తీసుకుపోయింది.

మొన్న పొద్దున లారీ పక్కన ఆమె గొంతుక్కూర్చుని ఉంది. మోచేతిదాకా తడిసింది. అవతల పిల్లలు, తిరువొత్తియూరు సముద్రానికి రోజంతా అలలు వేసి చేతులు నొప్పి పుట్టవా అని వాదించుకుంటున్నారు. ఆమె కళ్ళు మూసుకొని, ఒక్కో గొంతునీ విడివిడిగా గుర్తుపడుతున్నట్టు తల ఊపుతోంది.

మీ గొంతు విని చాలా రోజులైంది మిస్, లోపలికి రండి, కాఫీ తాగి ఏదన్నా చెప్పండి అన్నాను.

ఆమె పెదవి మీద వేలు పెట్టుకుంది.

“కాఫీ తర్వాత తాగుతాలే తల్లీ. సముద్రం జవాబు చెప్పబోతా ఉంది. నువ్వు ఈడ నిలబడబాక, నన్ను చూసేస్తారు.”