ఎర్ర గీత కింద నీళ్లు

మొన్న మా అపార్టుమెంటు ఈతకొలను మీద నీలం పట్ట కప్పి, చలికాలం పోయేదాకా ఎవరూ దిగకూడదని కాగితం అంటించారు. నేను ఊరుకోలేక దగ్గరికి వెళ్లి, పట్ట అంచుల తాళ్లను ఒక్కొక్కటే లాగి బిగువు చూసి వచ్చాను. కాపలా అతను వింతగా చూశాడు గానీ, నా భయం అతనికేం తెలుసు!

తొంభైల్లో, మదనపల్లెలో టమాటా మండీ నడిపే మా మామగారు, బెంగళూరు హోటల్లో చూసొచ్చిన మోజుతో, మనవళ్లు వేసవి సెలవుల్లో ఈదుతారని పెరట్లోనే ఈతకొలను కట్టించారు. అత్తగారు మాత్రం దాన్ని చివరిదాకా తొట్టి అనే అన్నారు. కార్తీకం వచ్చి మా ఊరి చలి మొదలైతే అందులో కాలు పెట్టే మొనగాడు ఉండడు కాబట్టి, రాలిన చింతాకు తోడేసి, మోటారుతో కొన్ని నీళ్లు కొబ్బరిచెట్లకు వదిలి, గోడ మీది ఎర్ర గీత దగ్గర ఆపి, పట్ట కప్పేవాళ్లు. ఆ గీత మనిషి ఛాతీ ఎత్తున ఉండేది. నీళ్లు అంతకంటే తగ్గితే గోడలు పగులుతాయని మేస్త్రీ చెప్పాడట, మామగారికి అది వేదవాక్కు.

ఒక ఏడు ఆయన కుప్పంలో పెళ్లికి వెళ్తూ ఆ పని నాకు అప్పజెప్పారు. కొత్త కోడలిని, పొంగిపోయాను. పొంగిపోయి, మోటారు వేసి, పక్కింటి అక్కతో గోడ దగ్గర కబుర్లలో పడ్డాను. ఆమెకు ఒక సంగతి గుర్తొస్తే నాకు రెండు గుర్తొచ్చేవి. తీరా వచ్చి చూస్తే నీళ్లు మోకాలి లోతుకు దిగిపోయి ఉన్నాయి. బోరు సన్నగా పోస్తున్న రోజులు, మళ్లీ నింపడం అయ్యే పని కాదు. ఎవరికీ చెప్పకుండా గబగబా పట్ట కప్పేసి, ఆ కంగారులో ఒక పక్క తాళ్లు వదులుగా కట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా ఇంట్లో అత్తగారి పుట్టింటివాళ్లు పంపిన పుంగనూరు పొట్టి ఆవు ఉండేది. రెండుసార్లు దూడ దక్కక, మూడోసారికి పుట్టిన పెయ్యను అత్తగారు ఒడిలో పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. మరునాడు పొద్దున ఆ పెయ్య కట్టు తప్పించుకుని, పెరడంతా చెంగుచెంగున గెంతి, నేలే అనుకుని పట్ట మీదికి ఎక్కింది. “దూడ తొట్లో పడిపోయిండాది! ఎవరన్నా రాండప్పా!” అని అత్తగారు పెట్టిన కేకకు నా చేతిలోని గరిటె ఎక్కడ పడిందో తెలియదు, పరుగున వెళ్లి చీరతోనే దూకేశాను. పట్ట కాళ్లకు చుట్టుకుని, నీళ్లు పొట్టను తాకుతుంటే, ఆ బుల్లి ప్రాణం వణుకుతూ నిలబడే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. దాన్ని ఎత్తుకుని మెట్లెక్కుతూ భోరున ఏడ్చాను. ఆ కొలనులో నేను దిగింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం మామగారు వచ్చేసరికి దాచడానికి ఏమీ మిగల్లేదు. మోటారు మరిచిన సంగతీ, తాళ్ల సంగతీ, దాచిన సంగతీ తల వంచుకుని అన్నీ చెప్పేశాను. ఆయన ఎర్ర గీత వైపు చూశారు, ఎండలో గోనె మీద ఒళ్లు ఆరబెట్టుకుంటున్న పెయ్య వైపు చూశారు.

“ఆ గీత దాకా నీళ్లుండింటే ఇది మనకు దక్కేదా?” అన్నారు. “పోనీ లేమ్మా. తాళ్లు మాత్రం ఇంక నేనే కడతా.”

“మీ మేస్త్రీ మాట ఇన్నింటే నా బిడ్డ పొయ్యుండేది” అని అత్తగారు ఆ వంకన ఆయన్ని ఒక వారం సాధించారు. గోడలు పగల్లేదు కూడా.

రెండువేల సంవత్సరం దాటాక వానలు మొహం చాటేసి, బోరు ఎండిపోతే, కొలనును మట్టితో పూడ్చి అత్తగారు కనకాంబరాలు వేశారు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఇక్కడ పట్ట కప్పడానికి మనుషులు వస్తారు, తాళ్లు వాళ్లే బిగిస్తారు, నేను పాడుచేయగల పని ఒక్కటీ లేదు. హాయిగానే ఉంది. కానీ తప్పు చేసి తల వంచుకుని నిలబడితే, పోనీ లేమ్మా అనేవాళ్లు కూడా లేరు.