ఒకే తానులో రెండు చొక్కాలు

జూన్ నెల చివరి శనివారం, మధ్యాహ్నం మూడున్నర గంటలు. ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండ. ఆగ్నేయాన మబ్బు పట్టింది గాని చినుకు లేదు. గవర్నర్‌పేటలోని మా దర్జీ కొట్టు మెట్ల మీద నిలబడి ఉన్నాను. లోపల రెండు చొక్కాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఒకటి తొడుక్కోవలసిన మనిషి పోయి ఆనాటికి పందొమ్మిది రోజులు.

ఆయనా నేనూ ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో కాపురమున్నాం. ఆయనకు ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల దుకాణం. నాది కాలువల నీటిమట్టం కొలిచి నమోదు చేసే ఉద్యోగం. ఊరి దృష్టిలో స్నేహితులం, దర్జీ దృష్టిలో అన్నదమ్ములం. ఏటా వన్ టౌన్‌లో ఒకే తానులోంచి అయిదు మీటర్లు చింపించి చెరొక చొక్కా కుట్టించుకునేవాళ్లం. ఆయన సోమవారం తొడిగితే నేను గురువారం తొడిగేవాణ్ణి. ఒకే రోజున తొడిగితే నలుగురి కళ్లూ పడతాయని మేం పెట్టుకున్న కట్టుబాటు అది. పాతబడినవి కూడా పారేయలేదు.

ఈ ఏడు మాలాంటి జంటలు జరుపుకునే ప్రైడ్ వేడుకలకు రమ్మని ఊళ్లోని కుర్రవాళ్లు పిలిచారు. శనివారం సాయంత్రం హాల్లో సమావేశం, ఆదివారం ఉదయం రోడ్డు మీద నడక, ఆ రాత్రి ఒకరింట్లో భోజనం. దేనికి ఏ బట్టలో నేను మే నెలలోనే నిర్ణయించాను. హాలుకు తలుపులుంటాయి కనుక కొత్త జత, నడకకు ఎవరి తెల్లచొక్కా వారిది, భోజనానికి పంచెలు.

“ఏంటయ్యా, ఇన్నేళ్లు దాచింది మళ్లీ గదిలోనే చూపిద్దామా?” అన్నారాయన.

“రోడ్డు మీద కెమెరాలుంటాయి.”

“ఉండనీ. ఈ బొజ్జని ఎవడు ఫొటో తీస్తాడులే!”

“హాలుకే.”

“సరే సారూ, రాసేసుకో. హాలుకే.”

జూన్‌లో ఒక తెల్లవారుజామున ఆయన గుండె ఆగింది. పదో రోజున మేనల్లుళ్లు వచ్చి, పోయినవారి బట్టలు ఇంట్లో ఉండకూడదంటూ బీరువా ఖాళీ చేశారు. “మీరు కూర్చోండి అంకుల్, మేం చూసుకుంటాంగా” అన్నారు మర్యాదగానే. ఒక్కటి ఉంచమని అడగడానికి నాకు వరస లేదు. ఆయనవి ఇరవై అయిదు చొక్కాలు మూటకట్టి ఆటోలో తీసుకువెళ్లారు.

మిగిలింది దర్జీ దగ్గరున్నదే.

“రండి అన్నగారూ. తమ్ముడుగారు రాలేదేమండీ?”

చెప్పాను. ఆ పెద్దాయన మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని దువా చేశారు. తరువాత చొక్కాలు విప్పి చూపించారు. రెండిటికీ పొడుగు చేతులు.

“పొట్టి చేతులు కదండీ నేను చెప్పింది?”

“మీరు చెప్పింది అదేనండి. మర్నాడు తమ్ముడుగారొచ్చి మార్చమన్నారు. ఆదివారం పొద్దున ఇద్దరం ఇవేసుకుని రోడ్డు మీద నడుస్తాం, మా అన్నకి ఎండ పడదూ అన్నారండీ.” టేపు మళ్లీ మెడలో వేసుకుంటూ, “ఇన్నేళ్లుగా కుడుతున్నానా, మీరిద్దరూ ఒకే గుడ్డలో కనపడంగా ఒక్కసారీ చూళ్లేదు. ఈసారి రోడ్డు పక్కన నిలబడి చూద్దామనుకున్నా” అన్నారు.

హాలుకు వెళ్లలేదు. ఆదివారం ఉదయం ఏడు గంటలకు నా చొక్కా తొడుక్కుని, ఆయనది మడతపెట్టి మోచేతి మీద వేసుకుని నడకలో కలిశాను. గవర్నర్‌పేట మలుపులో దర్జీ నిలబడి ఉన్నారు. నన్ను చూశారు, నా చేతిని చూశారు, తల వంచుకున్నారు.

పక్కన నడుస్తున్న అమ్మాయి అడిగింది. “ఆ రెండోది ఎవరిది తాతగారూ? సేమ్ టు సేమ్ ఉందే!”

“మా ఆయనది” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. వినవలసిన మనిషి లేరు.

రాత్రి భోజనానికి కూడా వెళ్లలేదు.

కుట్టించిన జతలు ఇరవై ఆరు. ఇద్దరం ఒకే రోజున తొడిగినది ఒక్కటీ లేదు.