అదిరిన కుడికన్ను

యుద్ధం రోజుల్లో తిరుపతి నుంచి పుత్తూరు పోయే బస్సు బొగ్గుతో నడిచేది, అంటే ఎక్కువసేపు నిలబడేది. అలా నిలబడినప్పుడు ఎదురు బల్ల మీద మా అమ్మ వయసామె కొంగుతో కుడికన్ను అదిమి పట్టుకుని కూర్చుంది. దుమ్ము పడిందా అని అడిగాను.

"దుమ్మయితే పోతుంది నాయనా. నెలగా అదరతా ఉండాది. ఆడదానికి కుడికన్ను అదిరితే కీడు. నా కొడుకు బర్మా యుద్ధంలో ఉండాడు."

"నాకూ ఒక నెల కుడికన్నే అదిరిందమ్మా. మగోళ్లకు మేలన్నారు. ఆ నెలలోనే పరీక్ష తప్పినాను."

ఆమె నవ్వలేదు. నా కన్ను చూసిన డాక్టరు అప్పట్లో చెప్పింది ఆమెకు చెప్పాను. మరబియ్యంలో తవుడుతో పాటు మెగ్నీషియమనే లవణమూ పోతుంది, అది తక్కువైతే కళ్లు అదురుతాయి, పిక్కలు పట్టేస్తాయి.

"రాగుల్లో అది దండిగా ఉంటుందమ్మా. రాగిసంగటి తిన్నాక నాకు నిలిచిపోయింది. నువ్వూ తిను."

"సంగటంటే వాడికి ప్రాణం. వాడొచ్చేదాకా ముట్టనని కొండకు మొక్కుకున్నా. మూడు నెలలుగా మరబియ్యమే."

కొడుకు కోసం మానేసిన సంగటే ఆమెను కొడుకు కోసం భయపెడుతోంది.

"కొండమీద సంగటి నైవేద్యం లేదు కదమ్మా, స్వామి పట్టించుకోడు. బదులుగా బెల్లం మానెయ్."

బస్సు కదిలింది. వడమాలపేట దాకా ఆలోచించి, దిగబోతూ అడిగింది.

"సంగటి తిని కన్ను నిలిస్తే, వాడు బాగున్నట్టేనా?"

"బాగున్నట్టే," అన్నాను.

ఆ మాట మాత్రం డాక్టరు చెప్పలేదు. తర్వాత ఆ బస్సెక్కినప్పుడల్లా వడమాలపేటలో ఎక్కే ఆడవాళ్ల కుడికళ్లకేసి చూసేవాణ్ణి. వయసులో ఉన్నవాణ్ణి కనుక రెండుసార్లు తిట్లు కూడా తిన్నాను.