దావీదు ఉపవాసం, నా తిరుగుడు బల్ల

నలభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో ఆడింది కాదు, కాగితం మీద రాసింది. దాంతో ఒక మంచి మనిషి ఉద్యోగం పోయింది, పేరు పోయింది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కనుకే మీకు చెప్పగలుగుతున్నాను కాబోలు.

డెబ్బైల్లో బెజవాడలో ఒక ఆసుపత్రిలో కుర్ర డాక్టర్ని. రోదసిలోకి వెళ్లొచ్చినవాళ్లు నేలమీద నిలబడలేక తూలిపోతారని ఎక్కడో చదివాను. అక్కడ బరువు తెలియదు కనుక నెత్తురు కాళ్లలోకి దిగదు. దాన్ని పైకి నెట్టే అలవాటు ఒళ్లు మర్చిపోతుంది. తిరిగొచ్చి నిలబడగానే బీపీ పడిపోతుంది. మా ఎముకల వార్డులో నెలల తరబడి మంచాన ఉన్నవాళ్లదీ అదే అవస్థ. లేపి నిలబెడితే కళ్లు తిరిగి అటెండరు దావీదు చేతుల్లో వాలిపోయేవారు.

తల మధ్యలో, కాళ్లు అంచున ఉండేట్టు పడుకోబెట్టి గిరగిరా తిప్పితే, భూమి లాగినట్టే నెత్తురు కాళ్లవైపు పోతుంది. రోజూ కాసేపు అలా తిప్పితే ఒళ్లు మళ్లీ నేర్చుకుంటుందని నా ఆశ. ఆటోనగర్‌ మెకానిక్కులు లారీ చక్రం బేరింగు మీద బల్ల బిగించారు. ఇద్దరు మనుషులు చెరుకు గానుగ తిప్పినట్టు తోసేవారు. ముందు ఆరోగ్యవంతుడి మీద చూడాలంటే దావీదు తనే ముందుకొచ్చాడు. చల్లపల్లి వైపు మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. "పాపం, వాళ్లు లేచి నడిస్తే చాలండి" అన్నాడు. పది రోజులు ఎక్కాడు. ఏమీ కాలేదు.

పదకొండో రోజు మా పెద్ద డాక్టరు గారు చూడటానికి వస్తానన్నారు. ఆయనకు నచ్చితే బల్ల వార్డులోకి వెళ్తుంది, నా పేరూ పైకొస్తుంది. ఆయన రాకముందు బీపీ పట్టీ చుడుతుంటే దావీదు అడిగాడు.

"ఇవాళ భస్మ బుధవారమండి డాక్టరు గారూ, మా శ్రమకాలం నలభై రోజులూ ఇవాళే మొదలు. ఉపవాసం. సాయంత్రం ప్రార్థనయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టను. ఫర్వాలేదాండీ?"

నీళ్లు లేని ఒంట్లో బీపీ నిలవదని నాకు తెలియదా? తెలుసు. ఏకాదశినాడు మా అమ్మ పొయ్యి దగ్గర కూలబడటం చిన్నప్పుడే చూశాను. కానీ రేపు రండి అని పెద్దాయనతో అనడానికి నాకు నోరు రాలేదు.

"ఏం కాదులే, పడుకో" అన్నాను.

పెద్దాయన వచ్చాక బల్ల తిప్పారు, కాసేపటికి ఆగింది. నిలబడ్డప్పటి బీపీ పెద్దాయనకు చూపించాలని, లే లే అంటూ తొందరపెట్టాను. లేచాడు. మొహం పాలిపోయింది. నేను పట్టుకునేలోపే బల్ల ఇనప కాలు మీద పడ్డాడు. తుంటి విరిగింది.

కారణం రాసిమ్మన్నారు పెద్దాయన. ఉపవాసం సంగతి దావీదు నా దగ్గర దాచాడని రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చేశాను. మర్నాడు పెద్దాయన దావీదు మంచం దగ్గర నిలబడి, ఎందుకు చెప్పలేదని గద్దించారు. దావీదు నావైపు చూశాడు. "మర్చిపోయానండి" అన్నాడు. ఆ పవిత్రమైన రోజుల్లో నాకోసం అబద్ధమాడాడు.

మూడు నెలలు మంచాన ఉన్నాడు. లేపి నిలబెట్టిన రోజు అతనికీ కళ్లు తిరిగాయి. పట్టుకోవడానికి దావీదు లేడు, బల్ల అప్పటికే విప్పేశారు. నిజం దాచాడని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఒకసారి చల్లపల్లి వెళ్లాను, చెప్పేద్దామనే. ఇంటి పంచలో చేతికర్రతో కూర్చుని ఉన్నాడు. "బల్ల మళ్లీ కట్టారాండీ?" అని అడిగాడు. లేదన్నాను. వాళ్ల ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి బస్సెక్కేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నన్నెందుకు కాపాడాడు? దయ అనుకుంటే నాకు కాస్త హాయి. డాక్టరు రాసిన కాగితం ముందు అటెండరు మాట ఎవరు నమ్ముతారని ఊరుకున్నాడేమో. ఈ రెండోదే నిజమని నాకు తోస్తుంది, తోచినప్పుడల్లా అన్నం సహించదు.

దావీదు పోయి చాలా ఏళ్లయింది. క్షమించమని అడగడానికి మనిషి లేడు, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. ఆనాడు రాయవలసింది మాత్రం ఇవాళ రాస్తున్నాను. ఉపవాసమని దావీదు ముందే చెప్పాడు. విని కూడా నేనే బల్ల ఎక్కించాను.