కొమురమ్మ కూర్చున్న చోటు

కొమురమ్మ అమీర్‌పేటకు కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో కరెంటు లేదు. వీధి అరుగు మగవాళ్లది. కోడళ్లు అక్కడ కూర్చుంటే పరువు పోతుందనేది అత్త. నేతవాళ్ల ఇంట పుట్టిన కొమురమ్మకు చేతులు ఊరుకోవు. కుట్టుమిషన్ అయితే పెట్టుకుంది గానీ, చీకటి గదిలో సూదికి దారం ఎక్కదే. ఒక పొద్దున మిషన్ తెచ్చి అరుగు మీద పెట్టేసింది. అత్త చాన్నాళ్లు మాట్లాడలేదు. కొమురమ్మ మిషన్ తీయనూ లేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు ముందు జాకెట్ గుడ్డలతో వచ్చారు, తర్వాత ఊరికే వచ్చి కూర్చోసాగారు.

టీవీలొచ్చాక ఆ మనుషులు పలచబడ్డారు. మెట్రో వచ్చాక కొడుకు ఓంప్రకాష్ ఇంటిని బిల్డర్‌కిచ్చాడు. పైన ఐదంతస్తులు, కింద అరుగు ఉన్నచోట పార్కింగ్. పక్క ఫ్లాటులో ఎవరుంటారో కూడా కొమురమ్మకు తెలియలేదు.

ఈ వేసవిలో ఒక సాయంత్రం ఆమె ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని లిఫ్టులో దిగింది. గేటు పక్క నీడలో వేసుకుని కూర్చుంది. రోజూ అదే పని. అపార్ట్‌మెంట్ సెక్రటరీ బుచ్చిబాబు చూసి చూసి దగ్గరికొచ్చాడు.

"పిన్నిగారూ, ఇది కార్లు పెట్టుకునే చోటండీ. ఇక్కడ కూర్చుంటే ఎలా?"

"బండి నిలవడితే తప్పులేదు గని, మనిషి కూసుంటె తప్పా సారూ?"

"రూలండీ. అందరికీ ఒకటే."

"గా రూలు పెట్టేటప్పుడు నన్నెవ్వరు అడగలే."

మర్నాడు ఆ చోట ఎవరిదో కారు నిలబెట్టి ఉంది. కొమురమ్మ సరిగ్గా దాని ముందే కుర్చీ వేసుకుంది. ఆఫీసు నుంచి వచ్చిన కోడలు సుమలత గొంతు తగ్గించి, "అత్తమ్మా, జర పైకి రా. అందరు చూస్తున్నరు" అంది.

"చూడనీ. మా అత్త సుత గిదే మాట అన్నది."

సుమలత పైకి వెళ్లిపోయింది.

కాసేపటికి బుచ్చిబాబు భార్య సీతామహాలక్ష్మి గోరుచిక్కుళ్ల పళ్లెంతో దిగింది. ఇంకో చేతిలో కుర్చీ.

"ఆయన మాట పట్టించుకోకండి పిన్నిగారూ. ఆ నాలుగు గోడల మధ్య నాకూ ఊపిరాడట్లేదు."

ఇద్దరూ కలిసి ఈనెలు తీస్తుంటే బుచ్చిబాబు బయటికెళ్తూ ఒకసారి ఆగాడు. భార్య తలెత్తలేదు. అతను గేటు దాటి వెళ్లిపోయాడు. రెండ్రోజులకు ఆ కారు వెనక వరసకు మారింది.

ఇప్పుడు సాయంత్రాలు అక్కడ నాలుగైదు కుర్చీలుంటాయి. సెలవు రోజుల్లో సుమలత కూడా వచ్చి కూర్చుంటోంది. బుచ్చిబాబు మాత్రం గోడకు నోటీసులు అంటిస్తూనే ఉన్నాడు. కొమురమ్మ వాటిని చదవదు. చదవడం రాక కాదు.