తాడు పట్టుకుని నిలబడ్డ సరంగు

హుస్సేన్‌సాగర్ ఒడ్డున పడవల క్లబ్బులో నేను గుమాస్తాగా చేరిన ఏడాది ఆషాఢపు గాలి విపరీతంగా వీచింది.

రేవులో పెద్ద తెరచాప పడవ ఒకటి కట్టేసి ఉండేది. దాని స్తంభం బోలు అల్యూమినియం గొట్టం. గాలి లేచిందంటే తెరచాప ఎత్తే తాడు ఆ గొట్టాన్ని టకటకా కొడుతూనే ఉండేది. క్లబ్బు సెక్రటరీ రిటైరైన మిలిటరీ ఆఫీసరు. తిరుమలగిరి నుంచి వచ్చేవాడు. భోజనమయ్యాక వరండాలో పేము కుర్చీలో కునుకు తీసేవాడు. ఆ చప్పుడంటే ఆయనకు ఒళ్లుమంట.

పడవలు చూసుకునేది ఒక ముసలి సరంగు. తాడును ఎంత బిగించినా సాయంత్రానికి సడలిపోయేది. దాన్ని స్తంభానికి దూరంగా లాగి, స్తంభాన్ని నిలబెట్టే పక్క ఉక్కు తీగకు సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేస్తే చాలు. చిన్న పడవ మీద నేను చేసి చూశాను. చెప్పబోతే సరంగు నలుగురిలో నవ్వాడు.

"కలం పట్టేటోనివి, తాడు సంగతి నీకేం ఎరుక? పో, టైపు కొట్టుకో పో."

మర్నాడు సెక్రటరీ నిద్ర చెడి లేచి సరంగును పిలిచాడు.

"కట్టడం చేతకాకపోతే చేత్తో పట్టుకుని నిలబడు! గాలి ఆగేదాకా."

"సాబ్, ఈ గాలి పొద్దుగూకేదాక ఆగదు."

"అప్పటిదాకా నిలబడు."

పడవ అంచున తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసు కిటికీలోంచి చూశాను. లేచి వెళ్లి కడితే రెండు నిమిషాల పని. వెళ్లలేదు. నిజం చెప్పాలంటే, చూడటం బాగుంది.

రెండో రోజు అరచేతులకు గుడ్డ చుట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"జెర సాబ్‌కు చెప్పు బిడ్డా, చేతులు మండుతున్నయ్. వేరే ఉపాయమేమన్నుంటే చూద్దాం."

"నాకేం తెలుసు కాకా? టైపు కొట్టుకునేవాణ్ణి."

మూడో రోజు గాలి విసురుకు పడవ ఒరిగింది. మళ్లీ చప్పుడవుతుందని ముసలాయన తాడు వదల్లేదు. కాలు జారి పడవకూ రేవు రాతికీ మధ్య పడ్డాడు. కుడి మణికట్టు నలిగిపోయింది. పైకి లాగి కూర్చోబెట్టాం. తాడు మళ్లీ కొట్టడం మొదలైంది.

"ముందు దాన్ని ఆపండయ్యా!" వరండాలోంచి సెక్రటరీ అరిచాడు.

సొరుగులోంచి ట్యూబు ముక్క తెచ్చి కట్టాను. చప్పుడు ఆగిపోయింది. సెక్రటరీ "శభాష్" అన్నాడు. ముసలాయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నావైపు చూశాడు.

"గిది నీకు ముందే ఎరుకనా?"

"చెప్పబోతే నువ్వే వినలేదు కదా."

"నిన్న అడిగిన కద, బిడ్డా."

నేను ట్యూబు ముడిని ఇంకోసారి బిగించాను.

ఆ చేతికి మళ్లీ పట్టు రాలేదు. నెల తిరక్కుండా పనిలోంచి తీసేశారు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే, ఒక్క అక్షరం తప్పు పోకుండా. బన్సీలాల్‌పేట్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడని విన్నాను. మారేడ్‌పల్లిలోని మా ఇంటికి అదేమంత దూరం కాదు. ఏళ్ల తరబడి ఆ గల్లీ ముందు నుంచే సైకిల్ తొక్కాను. ఒక్కసారీ దిగలేదు.